చిటికెనవేలి నుంచి

నవంబరు ఏడు. కోడికూర, అన్నం. రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కలిపి వదిలేశాడు.

పంతొమ్మిదేళ్ళయినా బాబాయికి ఆ తారీఖూ మరుపు రాలేదు, ఆ మూడో ముద్దా మరుపు రాలేదు. పొద్దున ఆరున్నరకి వార్డు చివరనున్న నీళ్ళగదిలో వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, బేసిను మూడొంతులు నిండేదాకా నిలబడి చూస్తున్నప్పుడు అదే గుర్తొస్తుంది. ఆ కాసేపే అతనికి తనదంటూ ఉన్న సమయం. ఆ తర్వాతదంతా ఆస్పత్రిది.

కుళాయి కట్టేసి, చొక్కా చేయి పైకి మడిచి, మోచెయ్యి నీళ్ళలో ముంచాడు. అరచేతిని నమ్మకూడదు. ముప్పై నాలుగేళ్ళుగా వేడికి అలవాటుపడి అది మొద్దుబారిపోయింది. మోచెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. ఒక చెంబు చన్నీళ్ళు కలిపి మళ్ళీ ముంచాడు. సరిపోయింది. తెల్ల పింగాణీ బేసిను ముఖానికీ ఒంటికీ. నీలం ప్లాస్టిక్ బేసిను కాళ్ళకి. రెండు తువ్వాళ్ళు, రెండు గుడ్డముక్కలు, ఒక సబ్బు. అన్నీ చక్రాల బల్ల మీద సర్దుకుని తోసుకుంటూ బయల్దేరాడు.

మంచం దిగలేని మగవాళ్ళకి ఒళ్ళు తుడవడం అతని పని. అందుకే బేసిను బాబాయి అని పేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉంటుంది. మనిషి పొట్టి, వెడల్పు భుజాలు, నెరిసిన పొట్టి జుట్టు. చేతివేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో నానిన శనగల్లా ఉబ్బి ఉంటాయి. కాళ్ళకి నల్ల బూట్లు, లేసులు రెండు ముళ్ళు వేసి. వార్డులో నీళ్ళు చిందినా, వానాకాలంలో వరండా మడుగైనా ఆ బూట్లు విప్పగా చూసినవాళ్ళు లేరు.

వార్డు మూడో అంతస్తులో ఉంది. రెండు వైపులా ఎనిమిదేసి మంచాలు. కిటికీలకి పిడులు లేవు. ఎప్పుడో ఎవరో రోగి దూకబోయాడని పిడులు ఊడదీశారు. అప్పట్నుంచి లోపలి గాలి లోపలే తిరుగుతూ ఉంటుంది. పొద్దున పూట మాత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఒక ఎండముక్క తొమ్మిదో మంచం మీద పడుతుంది. ఆ మంచం బాబాయి సొంత అన్నకి దొరికింది. దొరకలేదు, బాబాయే సిస్టరమ్మని అడిగి ఇప్పించాడు. తన డ్యూటీ కూడా కింది అంతస్తు మగవాళ్ళ వార్డు నుంచి ఇక్కడికి మార్పించుకున్నాడు. అన్న వచ్చి ఇరవై మూడు రోజులు.

"పోనియ్, పోనియ్," అన్నాడు ఎనిమిదో మంచం మీది కండక్టరు, బల్ల చక్రాల చప్పుడు విని. కాలు విరిగి నెలన్నరగా అక్కడే వేలాడుతున్నాడు. "బాబాయ్, మా బండికి టైమైనా తప్పేది గాని నీ బండికి తప్పదు."

"నీ బండి ఎక్కినవాడు ఇక్కడికే వచ్చాడంట కదా."

"నేనే వచ్చాగా. ఇంకెవడు కావాలి నీకు?"

నవ్వకుండానే నవ్వినట్టు మొహం పెట్టి బాబాయి బల్లని తొమ్మిదో మంచం దగ్గర ఆపాడు. తెర లాగాడు. అప్పుడు అతని గొంతు మారింది.

"స్నానం చేయిస్తానండీ. అటు తిరగండి."

అన్న కళ్ళు మూసుకున్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. రోజూ అంతే.

ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. ఒక్క కేక వేస్తే మైదానంలో రెండువందల మంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవాళ్ళు. సంఘంలో పెద్ద. చర్చిలో ఆయన "ఆమేన్" అంటే వెనక బెంచీలో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కుడివైపు పడిపోయింది. నోటికి ఒక వైపు లాగింది. మాట పూర్తిగా పోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాదు. ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది. దానితో దుప్పటి అంచు పట్టుకుని ఉంటాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

బాబాయి ముఖం తుడిచాడు. చెవుల వెనక తుడిచాడు. పడిపోయిన చేతిని మోచేతి కింద పట్టుకుని పైకెత్తి చంక తుడిచాడు. ఛాతీ, వీపు. తడిసినంత మేర ఎప్పటికప్పుడు పొడి తువ్వాలుతో అద్దాడు. చలి పుట్టనివ్వలేదు. ఈ పనిలో అతనికి వంక పెట్టగలవాడు ఇంకా పుట్టలేదు. చివర నీలం బేసిను అందుకున్నాడు. అన్న పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, చిటికెనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలి సందూ తుడుచుకుంటూ బొటనవేలి దాకా వచ్చాడు.

అందరూ బొటనవేలి నుంచి మొదలుపెడతారు. చివరికొచ్చేసరికి ఓపిక అయిపోయి చిటికెనవేలి సందు వదిలేస్తారు. పుండు అక్కడే మొదలవుతుంది. చిటికెనవేలి నుంచి రావాలన్నది బాబాయి పద్ధతి. ఇన్నేళ్ళలో ఎందరో నర్సులకి నేర్పాడు. "ఎవరు నేర్పారు బాబాయ్ నీకు?" అని అడిగితే, "ఒకళ్ళు నేర్పేదేంటి? నాకు నేనే," అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం గొంతులో కాస్త బిగువు వచ్చేది. పాపం, అంతకు మించి గొప్ప చెప్పుకోవడానికి అతనికి మాత్రం ఏముంది?

ఏమీ లేదనీ అనలేం. ఇంకొకటి ఉంది.

నవంబరు ఏడున అన్న కూతురికి బాప్తిస్మం. ఇంటినిండా చుట్టాలు. బాబాయి రెండు ముద్దలు తిని, మూడోది కలిపి, పాస్టరుగారి పళ్ళెం ఖాళీగా ఉండటం చూసి, చెయ్యి కడుక్కుని లేచి కూర గరిటె అందుకున్నాడు. అన్న వచ్చి ఆ గరిటె తీసుకున్నాడు. "నువ్వొద్దులేరా, కూర్చో. ఆ చేతులు రోజూ ఏమెత్తుతాయో అందరికీ తెలుసుగా," అన్నాడు. హాస్యానికన్నాడో, నిజంగానే అన్నాడో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. బాబాయి పళ్ళెం దగ్గరికి తిరిగి వెళ్ళి, కలిపిన ముద్దని అలాగే వదిలి, వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మరుసటి ఆదివారమే పాస్టరుగారితో కబురు చేశాడు: "నేను క్షమించేశానని అన్నతో చెప్పండి." అది విని పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. చర్చిలో పేరు చెప్పకుండా ఒక ప్రసంగమే చేశారు. పేరు చెప్పకపోయినా అందరూ తలలు తిప్పి చివరి బెంచీ వైపు చూశారు. అప్పట్నుంచి బాబాయి చివరి బెంచీలోనే కూర్చుంటున్నాడు. ఆస్పత్రిలో కూడా ఈ సంగతి అందరికీ తెలుసు. ఎలా తెలిసిందంటే, ఒకళ్ళకి చెప్పి ఎవరికీ చెప్పొద్దంటే పదిమందికి తెలుస్తుంది. ఆ ఒకళ్ళకి చెప్పింది బాబాయే.

అన్న మూడుసార్లు వచ్చాడు. ఆస్పత్రి ఆవరణలో, పనివాళ్ళకిచ్చే ఒంటిగది ఇంటి ముందు నిలబడి, "చిన్నోడా" అని పిలిచాడు. బాబాయి లోపల్నుంచే, "నేనెప్పుడో క్షమించేశాను. నువ్వింకేం చెప్పక్కర్లేదు. వెళ్ళిరా," అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, అన్న ఇంకేమీ అనలేకపోయాడు. మూడోసారి చాలాసేపు బయట నిలబడ్డాడు. తర్వాత రావడం మానేశాడు. ఆ రోజు బాబాయి భార్య పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే ఒక మాట అంది. "క్షమించానని చెప్పడం సులువేనయ్యా. తలుపు తీయడమే కష్టం." ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట మాత్రం గదిలో ఎక్కడో ఒక మూల మిగిలిపోయింది.

"అయిపోయిందండీ," అన్నాడు బాబాయి, పాదం దుప్పటి కింద పెట్టి. అన్న కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల చివర తడి ఉంది. ముఖం తుడిచినప్పటి నీళ్ళేనని బాబాయి తువ్వాలుతో అద్దాడు.

తెర తీస్తుంటే సిస్టరమ్మ వచ్చింది. బక్కగా పొడుగ్గా ఉంటుంది. కాగితాల అట్ట ఎప్పుడూ గుండెలకి ఆనించుకుని నడుస్తుంది.

"రేపు ఇంటికి పంపేస్తారు బాబాయ్, మీ అన్నగారిని. డాక్టరుగారు రాసేశారు. ఇక ఇక్కడ చేసేదేం లేదు, ఇంట్లో చూసుకోవడమే. నువ్వు చేసినట్టు ఎవరు చేస్తారో ఏమో. అంత మాటన్న మనిషికి..."

"దేవుడు చేయిస్తున్నాడమ్మా. నాదేముంది," అన్నాడు బాబాయి తలవంచి. ఆ తలవంచడం కూడా ఎంత అలవాటైపోయిందంటే, మెడ దానంతటదే వంగుతుంది. ఒక చొక్కా ఉంటుంది, అందరూ బావుందంటారు, విప్పుదామంటే గుండీలు ఎక్కడున్నాయో తెలియదు. మంచివాడన్న పేరు అలాంటిది.

పన్నెండింటికి వదిన వచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళ అదే. సన్నగా వంగిన మనిషి, చేతిలో గిన్నెల సంచి. రోజూ తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళేది, ఇవాళ మెట్ల మలుపు దగ్గర ఆగింది. బాబాయి మురికి దుప్పట్ల మూట మోసుకుని దిగుతున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు నాయనా. నీతో మాట్లాడాలి."

"చెప్పు వదినా."

"సాయంత్రం నుంచి ఆయనకి నువ్వు చెయ్యొద్దు. ఇంకెవరితోనన్నా చేయించు. లేకపోతే నేనే తుడుస్తాను."

మూట బరువు బాబాయి భుజం మీద ఒక్కసారిగా తెలిసింది. "ఏం తప్పు చేశానని?"

"తప్పేం లేదు. నీ పని బంగారం. ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేదు, చూశాను." వదిన సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నువ్వు కడిగి వెళ్ళాక ఆయన ఏడుస్తాడు. నేనొచ్చేసరికి దిండు తడిసి ఉంటుంది."

"పోనీలే అని, అడగకపోయినా, వార్డు మార్పించుకుని మరీ..."

"అదే అంటున్నా. అడగకపోయినా." ఆవిడ గొంతు పెంచలేదు. "నోరున్నప్పుడు అడగనివ్వలేదు నువ్వు. మూడుసార్లొచ్చాడు, తలుపు తియ్యలేదు. ఇప్పుడు నోరు పోయాక రోజూ వచ్చి కాళ్ళు కడుగుతున్నావు. 'అండీ' అంటూ కడుగుతున్నావు. ఆయన ఎక్కడికి పోగలడు చెప్పు? లేచి పోలేడు, వద్దనలేడు."

బాబాయి మూటని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"రేపు తీసుకుపోతున్నాం. మా గడప నువ్వెలాగూ తొక్కవు. ఈ ఒక్క పూటా వదిలెయ్యి నాయనా. పుణ్యముంటుంది," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు సర్దడానికి బాబాయి గుడ్డలగదిలోకి వెళ్ళాడు. అది నాలుగడుగుల గది. మూడు వైపులా అరలు. కిటికీ లేదు, పైన ఒక బల్బు. వానలకి చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఒక ఇటుక అడ్డం పెట్టుకుని వెళ్తారు. ఇన్నేళ్ళలో బాబాయి ఏనాడూ మరవలేదు. ఇవాళ మరిచాడు. వెనకాల తలుపు పడింది.

లాగాడు. రాలేదు. పిడి ఊడొచ్చేలా ఉంది. బయట్నుంచి ఎవరైనా భుజంతో ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుంది. ఒక్క కేక వేస్తే చాలు. బయట వరండాలో చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బాబాయి కేక వెయ్యలేదు. తనకోసం ఎవరినీ పిలిచే అలవాటు అతనికి లేదు. జ్వరమొచ్చినా పిలవడు. భార్య శవపేటిక మొయ్యడానికి అన్న ముందుకొచ్చి చెయ్యి వేయబోతే, "మనుషులు సరిపోయారు," అన్నాడు. ముగ్గురే ఉన్నారు అప్పటికి. మూలన ఒక స్టూలు ఉంటే దాని మీద కూర్చున్నాడు. దుప్పట్లు సర్దుదామని వచ్చినవాడు ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఉతికిన గుడ్డల వాసన, గంజి వాసన. బల్బు సన్నగా గుయ్యిమంటోంది.

వదిన అన్నది అబద్ధమని తనకి తాను చెప్పుకోబోయాడు. చెప్పుకుంటుండగానే ఇరవై మూడు రోజుల కిందటి పొద్దు గుర్తొచ్చింది. స్ట్రెచరు మీద అన్నని తీసుకొచ్చి కింది హాల్లో పెట్టారు. దూరం నుంచి చూశాడు. వంకరపోయిన ఆ మూతిని చూసినప్పుడు గుండెలో మొదట కదిలింది ఏమిటి? జాలి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. "ప్రభువా, నా చేతికే పంపావా," అని మోకాళ్ళ మీద పడి స్తుతించాడు కూడా. జాలి తర్వాత వచ్చింది. మొదట వచ్చింది సంతోషం. ఆ చేతులతో వద్దన్నవాడు ఇక ఆ చేతుల్లోనే ఉంటాడన్న సంతోషం. దానికి తెల్లబట్ట కప్పి దేవుడి ముందు పెట్టాడు. దేవుడు బట్ట తీసి చూడడని ఎలా అనుకున్నాడో.

ఇంకొకటి గుర్తొచ్చింది. వాళ్ళ చర్చిలో ఈస్టరుకి ముందు గురువారం సాయంత్రం జతలు జతలుగా కూర్చుని ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. ముందు ఒకరు కడిగితే, తర్వాత వాళ్ళు లేచి కింద కూర్చుని వీళ్ళ కాళ్ళు కడగాలి. బాబాయి ఆ రోజు అందరికంటే ముందొచ్చి నీళ్ళు కాచేవాడు. బేసినులు మోసేవాడు. తువ్వాళ్ళు అందించేవాడు. వంగి పదిమంది కాళ్ళు కడిగేవాడు. తను కుర్చీలో కూర్చునే వంతు వచ్చేసరికి నీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఏడూ కూర్చోలేదు. బేసినులు మోసేవాడు కూర్చోలేదని ఎవరూ కనిపెట్టలేదు. బూట్లు విప్పాల్సి వస్తుందని ఒక సాకు ఉండేది. నీళ్ళలో నాని నాని అతని పాదాలు పాచిపట్టిన బండల్లా ఉంటాయి. గోళ్ళు నల్లబడ్డాయి. మడమలు పగుళ్ళు. కాని అది సాకే. అసలు సంగతి ఏమిటంటే, వంగినవాడికి పైన కూర్చున్నవాడి మొహం కనబడదు. కూర్చున్నవాడికే తన ముందు ఒకడు వంగడం కనబడుతుంది. అది చూడ్డం అతని వల్ల కాదు. తీసుకునేవాడిగా ఉండటం అతని వల్ల కాదు.

వరండాలో చీపురు చప్పుడు దూరమవుతోంది. మెట్ల దాకా పోయింది.

లేచి తలుపు మీద కొట్టాడు. మొదటిసారి మెల్లగా. తర్వాత గట్టిగా.

"అక్కా... ఎవరైనా ఉన్నారా? కాస్త తలుపు తొయ్యండి."

తన గొంతే తనకి కొత్తగా వినిపించింది. అడుగుల చప్పుడు. బయట్నుంచి ఒక్క తోపు. తలుపు వచ్చేసింది. ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపయింది బాబాయ్ ఇందులో?"

"అరగంట ఉంటుందేమో."

"అయ్యో, నేనిక్కడే ఊడుస్తున్నా కదా. పిలవొచ్చుగా?"

"పిలవాల్సింది," అన్నాడు బాబాయి.

ఆవిడ అతని మొహం చూసి నడుముకి దోపిన గుడ్డ తీసి ఇచ్చింది, చెమట తుడుచుకోమని. బాబాయి తీసుకున్నాడు.

నాలుగున్నరకి మళ్ళీ నీళ్ళు పట్టాడు. సాయంత్రం పూట కాళ్ళూ చేతులూ తుడవడమే కాబట్టి నీలం బేసిను ఒక్కటి చాలు. వదిన మాట మనసులో ఉంది. బేసిను ఆవిడ చేతికిచ్చి తప్పుకుందామనే వెళ్ళాడు. వదిన మంచం పక్కన కూర్చుని దిండు గలీబు మారుస్తోంది. బేసిను చూసి లేవబోయింది.

బాబాయి బేసినుని మంచం మీద, అన్న ఎడమ చేతి పక్కన పెట్టాడు.

అప్పుడు అన్న కళ్ళు తెరిచాడు. గోడ వైపు నుంచి ముఖం ఇటు తిప్పాడు. దుప్పటి అంచు వదిలేసి, ఎడమ చెయ్యి చాపి బేసిను అంచు పట్టుకుని గుంజాడు. నీళ్ళు తొణికి పక్క మీద పడ్డాయి.

"వద్దంటున్నారు. తీసేస్తాలెండి," అన్నాడు బాబాయి, ఒక అడుగు వెనక్కి వేసి.

"నీ కళ్ళు నెత్తికెక్కాయా బాబాయ్," అన్నాడు పక్కమంచం మీది కండక్టరు. "ఆయన తోసెయ్యట్లేదు. దగ్గరికి లాక్కుంటున్నాడు. ఇందాకంతా నేను చూస్తూనే ఉన్నా, నువ్వు కనబడేదాకా ఆ దారి వైపే చూశాడు."

అన్న బేసినుని తన పొట్ట దాకా లాక్కున్నాడు. వేలు చాపి కిందికి చూపించాడు. నేల వైపు. బాబాయి బూట్ల వైపు. చూపించి, అదే వేలితో మంచం అంచు మీద రెండుసార్లు తట్టాడు. బడి పిల్లాణ్ణి ఇక్కడ కూర్చోమన్నట్టు.

వదిన గలీబుతో నోరు మూసుకుంది.

"వద్దన్నా," అన్నాడు బాబాయి. 'అన్నా' అన్నది ఎప్పుడొచ్చిందో నోట్లోంచి. "వద్దు. నా కాళ్ళు బావుండవు. నేను డ్యూటీలో ఉన్నాను. సిస్టరమ్మ చూస్తే..."

సిస్టరమ్మ వార్డు ఆ చివర నిలబడి చూస్తూనే ఉంది. చూసి, కాగితాల అట్ట గుండెలకి ఆనించుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగి ఒకటో మంచం దగ్గరి మందులబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

అన్న మళ్ళీ తట్టాడు.

కూర్చోవడానికి పట్టింది నిమిషమో రెండు నిమిషాలో. బాబాయికి మాత్రం పంతొమ్మిదేళ్ళ మెట్లు దిగినట్టుంది. కూర్చుని ఎడమకాలి బూటు లేసు విప్పాడు. రెండు ముళ్ళు. తడికి బిగుసుకుపోయిన ముడి రాలేదు. వదిన వంగి విప్పింది. మేజోడు తీశాడు. ఆ పాదాన్ని ఎత్తి అన్న పక్కన, తెల్ల దుప్పటి మీద పెట్టాడు. ఎక్కడ చూడాలో తెలియలేదు. కిటికీ వైపు చూశాడు. పిడి లేని కిటికీ.

అన్న గుడ్డముక్క నీళ్ళలో ముంచాడు. ఒక చేత్తో పిండటం రాదు. కారుతున్న గుడ్డనే పాదం మీద పెట్టాడు. నీళ్ళు మడమ మీంచి పక్క మీదికి ధారకట్టాయి. వేళ్ళ దగ్గరికి వచ్చాడు. గుడ్డని చూపుడువేలికి చుట్టుకుని, చిటికెనవేలి సందులో పెట్టాడు. తిప్పాడు. తర్వాత దాని పక్క వేలు. తర్వాత నడిమి వేలు.

బాబాయి కిటికీ మీంచి చూపు తిప్పాడు.

నాన్న పోయినప్పుడు తనకి ఆరేళ్ళు. అన్నకి పదహారు. బురదలో ఆడుకుని వస్తే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు అన్న. గుమ్మం ముందు రాతి మీద నిలబెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, వేలి సందుల్లో బురద తీసేవాడు. "చిన్నదాన్ని ముందు చూడాలిరా. దాన్నే అందరూ మర్చిపోతారు," అనేవాడు. చక్కిలిగిలి పుట్టి తను అన్న తల మీద చేతులాన్చి నవ్వేవాడు. ఆ నవ్వు ఎన్నడూ మరవలేదు. ఆ మాట మాత్రం ఎప్పుడు మరిచాడో, ఎప్పుడు తనదని చెప్పుకోవడం మొదలుపెట్టాడో తెలియలేదు.

"అన్నా," అన్నాడు. "నువ్వు మూడుసార్లొచ్చావు. నేను తలుపు తియ్యలేదు. ఆరోజు నువ్వన్న మాట కంటే ఇది పెద్ద తప్పు. క్షమించానని కబురు చేసి నిన్ను వాకిట్లోనే నిలబెట్టాను. నువ్వే నన్ను క్షమించాలి."

అన్న బొటనవేలి దాకా వచ్చి ఆగాడు. గుడ్డ వదిలేసి ఆ తడి చేతిని తమ్ముడి పాదం మీద అలాగే ఉంచాడు. వంకర మూతి ఒకవైపు కదిలింది. అది నవ్వే అయ్యుండాలి. చాలాసేపు ఊపిరి తీసుకుని, ఇంకా బూటులో ఉన్న కుడికాలి వైపు వేలు చూపించాడు.

"అలిసిపోయావు. ఇది చాలివాళ్టికి," అన్నాడు బాబాయి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని. "ఆ కాలు రేపు కడుగుదువు గాని. ఇంటికొస్తాను. మూడో ముద్ద కూడా బాకీ ఉంది."

వదిన పక్కకి తిరిగి ముక్కు తుడుచుకుంది. "కోడికూరే వండుతాను," అంది.

బాబాయి ఆ కాలికి మళ్ళీ బూటు తొడగలేదు. చెమ్మ వాసన కొట్టే ఆ బూటులోకి దాన్ని దోపబుద్ధి కాలేదు. బూటు మంచం కిందికి నెట్టి ఒంటికాలి బూటుతోనే సాయంత్రం పని చేశాడు. టక్, టప్ మని చప్పుడు.

"ఒక కాలే డ్యూటీలో ఉందా బాబాయ్?" అన్నాడు కండక్టరు.

"రెండోది సెలవు పెట్టింది," అన్నాడు బాబాయి. కండక్టరు ఒలుచుకుంటున్న నారింజ పండులో సగం అతని చేతిలో పెట్టాడు. ఎప్పుడూ వద్దనేవాడు. ఇవాళ తిన్నాడు.

ఏడింటికి డ్యూటీ దిగే ముందు తొమ్మిదో మంచం దగ్గరికి వచ్చాడు. చూసేవాళ్ళ వేళ ఎప్పుడో దాటిపోయింది, అయినా సిస్టరమ్మ వదినని లేపలేదు. అన్న ముఖం గోడ వైపు లేదు. దారి వైపు ఉంది. "నిద్రపట్టింది, ఇప్పుడే," అంది వదిన గుసగుసగా. బాబాయి అన్న ఛాతీ వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ చూపు చూస్తున్నవాడు. మోచెయ్యి మడిచి, నీళ్ళని చూసినట్టే, ఆ మెడ పక్కన ఆనించాడు. వెచ్చగానే ఉంది. అంతే. ఊపిరి లేదు.

వదిన పక్కన నేల మీద కూర్చున్నాడు.

"వదినా," అన్నాడు కాసేపటికి. "నువ్వొక చెయ్యి వెయ్యాలి. నా ఒక్కడి వల్ల కాదు."

ఆవిడకి అర్థమయింది. గట్టిగా ఏడవలేదు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాక, తెర లాగుకుని ఇద్దరూ కలిసి స్నానం చేయించారు. ఇన్నేళ్ళలో తన తువ్వాలు ఇంకొకరి చేతికివ్వని బాబాయి, తువ్వాలు వదినకిచ్చి తను బేసిను పట్టుకున్నాడు. పాదాల దగ్గరికొచ్చేసరికి ఆవిడ బొటనవేలి దగ్గర మొదలుపెట్టబోయింది.

"చిటికెనవేలి నుంచి," అన్నాడు బాబాయి. "అన్న పద్ధతి."

ఎనిమిదింటికి బండి వచ్చింది. బాబాయి పిలిచాడు. ఊడ్చే ఆవిడ కొడుకూ, కింది హాలు కాపలావాడూ, ఇంకో ఇద్దరూ వచ్చి మెట్ల మీదుగా దింపారు. వదిన బండి ఎక్కి పక్కన చోటు చేసింది. "నువ్వు కూడా రా నాయనా." వస్తాను, వార్డు తలుపు వేసి వస్తానన్నాడు.

పైకొచ్చాడు. సిస్టరమ్మ పెద్ద దీపాలు తీసేసింది. తొమ్మిదో మంచం మీద పరుపు మడత పెట్టి ఉంది. కండక్టరు కళ్ళు మూసుకుని ఉన్నాడు గాని నిద్రపోవడం లేదు. బాబాయి బేసినుల్ని బోర్లించి, తువ్వాళ్ళు ఆరవేసి, బయటికొచ్చి వార్డు తలుపుని నెమ్మదిగా, స్ప్రింగు చప్పుడు కాకుండా చేత్తో ఆపి ఆపి మూశాడు. మెట్లు దిగుతుంటే ఎడమ పాదానికి గచ్చు చల్లగా తగిలింది. ఏదో మరిచానని తెలిసింది. వెనక్కి వెళ్ళలేదు.

లోపల, తొమ్మిదో మంచం కింద, లేసు విప్పిన ఒక ఎడమకాలి బూటు.